గ్రూపులో ఫొటో పెట్టే ముందు

అమ్మలూ,

గ్రూపులో ఫొటోలు ఎలా పెట్టాలి బాబాయ్ అని అడిగావు కదా. పెట్టడం ఎవరికైనా వచ్చు. పెట్టాక నాలుక కరుచుకోకుండా ఉండటమే కష్టం. ముందు నా తెలివితక్కువ పని ఒకటి చెప్తాను.

ఒకసారి ఏదో సెట్టింగ్ అర్థం కాక స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పడేశాను. జవాబు రెండు నిమిషాల్లో వచ్చింది. వెనకే ఒకాయన విడిగా మెసేజ్ పెట్టాడు, "పైన ఒకసారి చూసుకోండి" అని. చూస్తే ఏముంది, సరిగ్గా అప్పుడే వచ్చిన నోటిఫికేషన్‌లో నా స్నేహితుడు తన అప్పుల గురించి రాసుకున్న మాటలు! వెంటనే తీసేశాను. అప్పటికే ఎంతమంది చదివారో. వాడికి ఫోన్ చేసి చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. అప్పటినుంచి స్క్రీన్‌షాట్‌ని కావలసిన ముక్క వరకే కత్తిరించి పంపుతున్నాను. పేర్లు, నంబర్లు దాచాలంటే మార్కర్‌తో గీయకు, ముదురు రంగు డబ్బాతో పూర్తిగా కప్పెయ్. పల్చటి గీత కింద ఉన్న అక్షరాలు వెలుతురు పెంచితే బయటపడతాయి.

కంటికి కనిపించనివి ఇంకా ఉన్నాయి. ఫోన్‌తో తీసిన ఫొటోలో ఎగ్జిఫ్ అనే సమాచారం దాగి ఉంటుంది. ఏ రోజు తీశావు, ఏ ఫోన్‌తో తీశావు, కెమెరాకి లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే ఏ చోట తీశావు అన్నీ అందులో ఉంటాయి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపినా, ఈమెయిల్‌కి జతచేసినా అదంతా ఫైలుతోపాటే వెళ్ళిపోతుంది. ఇంట్లో తీసిన ఫొటో అయితే లొకేషన్ తీసేశాకే పంపు.

సైజు కూడా చూసుకో. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే దాదాపు 4000 పిక్సెళ్ళు (చుక్కలు) అడ్డం, 3000 నిలువు. ఒక్కోటి మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. అలాంటివి పది పెడితే గ్రూపులో అందరి డేటా, అందరి ఫోన్లలో జాగా ఖర్చే. వెడల్పు 1600 పిక్సెళ్ళకి తగ్గించు, ఫోన్‌లో చూసేవాళ్ళకి అది చాలు. ఫైలు రకాల్లో మామూలు ఫొటోలకి జేపెగ్, అక్షరాలున్న స్క్రీన్‌షాట్లకి పీఎన్‌జీ బాగుంటాయి. జేపెగ్‌ని దిద్ది మళ్ళీ మళ్ళీ సేవ్ చేస్తే నాణ్యత పోతుంది కాబట్టి అసలు ఫైలు పక్కన ఉంచుకో.

ఎర్రర్ మెసేజ్ వస్తే ఫొటో ఒక్కటే పెట్టకు, ఆ మాటలు టైప్ చెయ్. రేపు అదే తంటా వచ్చినవాళ్ళు వెతికితే దొరుకుతుంది. ఏ ఫొటోకైనా కింద అందులో ఏముందో ఒక వాక్యం రాయి. చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, వినేది ఆ వాక్యమే.

వేరేవాళ్ళు తీసిన ఫొటో అయితే అడిగి, వాళ్ళ పేరు రాసి పెట్టు. పిల్లలు ఉన్న ఫొటో అయితే వాళ్ళ అమ్మానాన్నల్ని అడగాలి. ఇందులో మొహమాటం వద్దు.

గుడ్ మార్నింగ్ పువ్వుల గురించి మాత్రం నేనేమీ అనను. నేనే ఇంకా మానలేదు.

మీ బాబాయ్