టెక్ సందేహాలు: క్యాబినెట్‌కి కలిపాక గిటార్ గొంతు పూడుకుపోయింది!

ప్రశ్న: ఆంపులనూ స్పీకర్లనూ అనుకరించే లైన్ 6 హెచ్‌ఎక్స్ స్టాంప్ పెడల్ హెడ్‌ఫోన్లలో బ్రహ్మాండంగా పలికేది. ఈమధ్య సీమోర్ డంకన్ పవర్‌స్టేజ్ 170 అనే పవర్ ఆంప్ (స్పీకరుని నడిపే ఆంప్) కొని, వింటేజ్ 30 స్పీకరు ఒకటున్న 8 ఓమ్స్ క్యాబినెట్‌కి (స్పీకరు పెట్టెకి) కలిపాను. పెడల్‌లో దాచుకున్న అవే ప్యాచ్‌లు (సౌండ్ సెట్టింగులు) ఇప్పుడు బొంగురుగా, మూసుకుపోయినట్టు వినిపిస్తున్నాయి. పెడల్ పాడైందా?

జవాబు: పెడల్‌కి ఏమీ కాలేదు. మీ ప్యాచ్‌లో క్యాబ్ (క్యాబినెట్) బ్లాక్ ఇంకా ఆన్‌లోనే ఉండుంటుంది. స్పీకరునీ, దాని ముందు పెట్టిన మైకునీ అనుకరించడం దాని పని. హెడ్‌ఫోన్లకు అది కావాలి. గిటార్ స్పీకరేమో సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాలను తనే కోసేస్తుంది. ఒకసారి కోసినదాన్ని మళ్లీ కోస్తే ఇక స్పష్టత ఎక్కడిది? క్యాబ్ బ్లాక్ గానీ, ఐఆర్ (అసలు క్యాబినెట్ నుంచి రికార్డు చేసిన నమూనా) బ్లాక్ గానీ ఉంటే ఆపేయండి. ఆంప్, క్యాబ్ ఒకే బ్లాక్‌లో ఉంటే ఆంప్ మాత్రమే ఉన్న మోడల్‌కి మార్చండి. ఆంప్ ముందు భాగాన్ని మాత్రమే అనుకరించే ప్రీఆంప్ మోడల్ అక్కర్లేదు. పవర్‌స్టేజ్ క్లాస్-డి ఆంప్, తన సొంత రుచి పెద్దగా కలపదు కాబట్టి ట్యూబ్ పవర్ ఆంప్ స్వభావం మోడల్ నుంచే రావాలి.

సౌండ్ పెంచడానికి ఆంప్ బ్లాక్‌లో మాస్టర్ తిప్పకండి, టోన్ మారిపోతుంది. ఛానల్ వాల్యూమ్ తిప్పండి. పవర్‌స్టేజ్‌లో బాస్, మిడ్, ట్రెబుల్ మధ్యలో ఉంచి, వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా పెంచండి. ఇక్కడ తొందర పనికిరాదు. 170 వాట్లన్నది 4 ఓమ్స్ లెక్క. మీ 8 ఓమ్స్‌కి సుమారు సగమే వస్తుంది. అదైనా వింటేజ్ 30 తట్టుకునే 60 వాట్లకంటే ఎక్కువే. పూర్తిగా తిప్పితే స్పీకరు లోపలి తీగచుట్ట (వాయిస్ కాయిల్) మాడిపోవచ్చు.

పవర్‌స్టేజ్‌కీ క్యాబినెట్‌కీ మధ్యలో స్పీకర్ కేబులే వాడాలి. గిటార్ కేబుల్ చూడ్డానికి అలాగే ఉన్నా లోపలి తీగ సన్నం, వేడెక్కుతుంది. పవర్‌స్టేజ్ స్పీకర్ అవుట్‌ని మిక్సర్‌లో మాత్రం ఎప్పుడూ గుచ్చకండి.

స్టేజీ మీద మిక్సర్‌కి క్యాబ్‌తో, మీ స్పీకర్‌కి క్యాబ్ లేకుండా కావాలా? క్యాబ్ బ్లాక్‌కి ముందు సెండ్ బ్లాక్ (సిగ్నల్‌ని విడిగా బయటికి పంపేది) పెట్టి, పెడల్ సెండ్ జాక్‌ని పవర్‌స్టేజ్‌కి, మెయిన్ అవుట్‌ని మిక్సర్‌కి ఇవ్వండి. అప్పుడు క్యాబ్ ఆపనక్కర్లేదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న అన్నయ్య పవర్‌స్టేజ్ లాంటి పవర్ ఆంప్ తెస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా?

జవాబు: ముందు వెనకవైపు ముద్రించిన వోల్టేజీ ఫొటో తీసి పంపమనండి. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు. ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టరు వోల్టేజీని తగ్గించదు.