చేపల పులుసు పక్కన ఆ గ్లాసు పెట్టకు

అమ్మడూ,

వెల్లింగ్టన్‌లో మీ రెస్టారెంటులో ఒక రాత్రి తెలుగు భోజనం వడ్డించి, పక్కన న్యూజిలాండ్ తెల్ల వైన్ మార్ల్‌బరో సావిన్యాన్ బ్లాంక్ పోస్తానన్నావట. మీ అమ్మ చెప్పగానే మన వీధిలో అందరికీ చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ మార్ల్‌బరోలోని బ్లెన్‌హైమ్‌లో పదకొండేళ్లు ఆ వైనే పోసి బతికినవాణ్ణి, నన్నొక్క మాట అడగొద్దూ?

సీసా ఫ్రిజ్‌లోంచి పావుగంట ముందు తియ్యి. 8 నుంచి 10 డిగ్రీలుంటే చాలు, మరీ చల్లబడితే వాసన రాదు. గ్లాసులో మూడో వంతే పొయ్యి. కొత్త సీసాలే కొను, ఇది ఏళ్ల తరబడి దాచే సరుకు కాదు.

గూస్‌బెర్రీ రుచి అంటారు కదా అని మెనూలో ‘ఉసిరి’ అని రాసేవు! అది వేరే కాయ. మనవాళ్లు ఉసిరి వగరు కోసం వెతుక్కుంటారు, ఈ వైన్‌లో వగరుండదు. పెరట్లో టమాటా ఆకు నలిపి వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకునేదానివి, గుర్తుందా? గ్లాసులో ముందు వచ్చేది ఆ పచ్చివాసనే. తర్వాత కోసిన క్యాప్సికం, ప్యాషన్ ఫ్రూట్, చివర నాలుక పక్కల నీళ్లూరించే నిమ్మ పులుపు. క్యాప్సికంలో ఉండే మిథాక్సీపైరజిన్ అనే వాసన పదార్థం ఆ ద్రాక్షలోనూ ఉంటుంది. చాలామంది దీన్ని స్టీలు ట్యాంకుల్లో చల్లగా పులియబెడతారు, అందుకే కొయ్య పీపాల వాసన తగలదు.

ఇక నేను చేసిన తప్పు విను. అక్కడ చేరిన రెండో ఏడు, మార్చిలో, ద్రాక్ష కోతల వేళ. వైరావ్ లోయలో తోట ఉన్న ఓ పెద్దాయన కుటుంబంతో వచ్చాడు. ఆయన వైనే, మన వంట. నాకు ఎంత గర్వమో! అమ్మమ్మ చేసినట్టే చేపల పులుసు పెట్టాను: చిక్కటి చింతపండు, గుంటూరు మిరప్పొడి, పైన మామిడికాయ ముక్కలు. ఆయన ఒక ముద్ద తిని, ఒక గుక్క తాగి, గ్లాసు మెల్లగా పక్కకు జరిపి మంచినీళ్లడిగాడు. ఒక్క మాట అనలేదు. వంటింట్లోకి వెళ్లి నేనూ అలాగే తిని చూశాను. చింతపండు పులుపు ముందు వైన్ నీళ్లలా చప్పబడిపోయింది. 13 శాతం ఆల్కహాల్ మిరప మంటను రెట్టింపు చేసి గొంతులో నిప్పు పెట్టింది. ఏడాదంతా ఆయన పడ్డ కష్టాన్ని ఆయన ముందే పాడుచేశాను. ఆ గ్లాసు జరిపిన చెయ్యి, గోళ్లలో మట్టితో సహా, ఇప్పటికీ కళ్లముందే ఉంది.

తిండి పులుపు వైన్ పులుపును మించకూడదు, అంతే. పులుసు, గోంగూర, ఆవకాయ ఆ పూటకి వద్దు. మార్ల్‌బరోలోని హావ్‌లాక్ దగ్గర పెంచే పచ్చ అంచు మసెల్స్ అనే ఆల్చిప్పలు తెచ్చి, కొబ్బరిపాలు, కరివేపాకు, రెండు చీల్చిన పచ్చిమిర్చితో ఉడికించు. కొత్తిమీర అన్నం బాగా కలుస్తుంది. మిరియాలు తక్కువేసి రొయ్యల వేపుడు చేసి, దించాక నిమ్మకాయ పిండు. అల్లప్పచ్చడి లేకుండా చిన్న పెసరట్టు వేసి, మీద మేకపాల చీజ్ పెట్టి చూడు. మొండిదానివి, నవ్వుతావని తెలుసు. ఒక్కసారి వేసి చూడమ్మా.

రుచి చూసేటప్పుడు ఉమ్మెయ్యి, మింగకు. పదిమంది ముందు సిగ్గనుకోకు, ఆ పనిలో అందరూ ఉమ్మేవాళ్లే. పెదమావయ్యను తాగుడే తీసుకుపోయింది, నీకు తెలుసు. వైన్ పనిలో చేరానని ఉత్తరం రాస్తే అమ్మమ్మ మూడు నెలలు నాతో మాట్లాడలేదు. నీ మీద నమ్మకం లేక కాదు, నా భయం నాది. ఆ రాత్రి ఎంత కొంచెం తాగినా కారు తాళం ముట్టుకోకు, టాక్సీలో వెళ్లు.

గదికి చేరగానే ఫోన్ చెయ్యి. నీకు రాత్రి పదకొండంటే ఇక్కడ నా టీ వేళే. పెద్దవాళ్లెవరైనా గ్లాసు పక్కకు జరిపారేమో, అది మొదట చెప్పు.

మీ మావయ్య