చివరి నిమిషం గోల్, మూడు రోజుల మౌనం

ప్రశ్న: మేడమ్, నా వయసు 43. చిన్నప్పటి నుంచి ఒకే ఫుట్‌బాల్ క్లబ్‌కి అభిమానిని. పోయిన శనివారం మా పన్నెండేళ్ల బాబుని మొదటిసారి అవే మ్యాచ్‌కి, అంటే అవతలి జట్టు గ్రౌండ్‌లో జరిగే మ్యాచ్‌కి, తీసుకెళ్లాను. బస్సులో నాలుగున్నర గంటల ప్రయాణం. తొంభై నిమిషాలు పూర్తయ్యేసరికి మేం 1-0తో ముందున్నాం. మధ్యలో పోయిన సమయానికి బదులుగా ఇంకో నాలుగు నిమిషాలు ఆడించాలని బోర్డు మీద చూపించారు. 92వ నిమిషంలో వాళ్లు ఒక గోల్ కొట్టారు. 95వ నిమిషంలో కార్నర్ కిక్ నుంచి ఇంకోటి. బోర్డు మీద నాలుగు చూపించి ఐదో నిమిషం ఎలా ఆడిస్తారు? పదేళ్లుగా వేసుకునే లక్కీ టీషర్ట్ కూడా వేసుకునే వెళ్లాను. తిరుగు ప్రయాణంలో బాబు ఏడుస్తుంటే తట్టుకోలేక "ఏడుపు ఆపు, నువ్వొచ్చావు, మ్యాచ్ పోయింది" అనేశాను. ఇంటికొచ్చాక మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆవిడ "ఆటేగా, వదిలెయ్యండి" అంటే చేతిలో ఉన్న రిమోట్ గోడకేసి కొట్టాను. కళ్లు మూస్తే ఆ కార్నరే కనిపిస్తోంది. నిద్ర లేదు, ఛాతీలో బరువుగా ఉంటోంది. బాబు ఇక ఏ మ్యాచ్‌కీ రానంటున్నాడు. నాకేమైనా పిచ్చా? ఈ ఆట మానేయాలా?

సమాధానం: మీకు పిచ్చీ లేదు, ఆట మానేయాల్సిన అవసరమూ లేదు. ఈ రెండూ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పబోయేవి కాస్త గట్టిగా ఉంటాయి.

ముందు మీ బాధ సంగతి. ఒక ఆట కోసం ఇంత కుంగిపోవడమేమిటని మీలో మీరే సిగ్గుపడుతున్నారని ఉత్తరం చదివితే తెలుస్తోంది. సిగ్గు అక్కర్లేదు. 2018లో బ్రిటన్‌లోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు ఈ విషయాన్నే పరిశీలించారు. తమ మనసు ఎలా ఉందో వేలమంది ఫోన్ యాప్‌లో ఎప్పటికప్పుడు చెప్పిన సమాధానాలు తీసుకుని ఫుట్‌బాల్ ఫలితాలతో పోల్చి చూశారు. జట్టు గెలిస్తే కలిగే ఆనందం కన్నా ఓడితే కలిగే బాధ దాదాపు రెట్టింపు అని తేలింది. మీ విషయంలో అది ఓటమి మాత్రమే కాదు. చేతిలోకి వచ్చేసింది అనుకున్న గెలుపు మూడు నిమిషాల్లో జారిపోయింది. పైగా సొంత గ్రౌండ్‌లో కాదు. చుట్టూ వేలమంది ఎగిరి గంతులేస్తుంటే, ఓ మూల కొద్దిమంది మీ జట్టు రంగు జెర్సీల వాళ్లు తలలు పట్టుకుని నిలబడి ఉంటారు. చాలా చోట్ల అవతలి జట్టు అభిమానులు వెళ్లేదాకా మిమ్మల్ని బయటికి కూడా వదలరు. ఆ తర్వాత ఎవరూ నోరు విప్పని బస్సులో నాలుగున్నర గంటలు. ఇలాంటి రాత్రి మనసు బాగుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఇక రిఫరీ. మీరు అడిగారు కాబట్టి చెప్తున్నాను. బోర్డు మీద చూపించేది కనీసం ఆడించాల్సిన సమయం. దాన్ని రిఫరీ పెంచవచ్చు, తగ్గించకూడదు. గోల్ కొట్టాక సంబరాలకు పోయిన సమయాన్ని కూడా కలపాలని నిబంధనల్లోనే ఉంది. 92వ నిమిషంలో వాళ్లు గోల్ కొట్టి గ్రౌండంతా పరిగెత్తారు కదా, మిమ్మల్ని ముంచిన ఐదో నిమిషం చాలావరకు అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. అలాగని మీ అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టిందని కూడా అనను. స్పెయిన్ లీగ్ మ్యాచ్‌ల మీద ముగ్గురు ఆర్థికవేత్తలు 2005లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. సొంత గ్రౌండ్‌లో ఆడే జట్టు ఒక గోల్ వెనకబడి ఉంటే రిఫరీలు ఎక్కువ ఇంజురీ టైమ్ (చివర్లో కలిపే ఆ అదనపు నిమిషాలు), అదే జట్టు ఒక గోల్ ముందుంటే తక్కువ ఇంజురీ టైమ్ ఇస్తున్నారని అందులో తేలింది. అంత జనం అరుపుల మధ్య నిలబడిన మనిషి మీద ఆ ఒత్తిడి పడకుండా ఉంటుందా? మీరు రిఫరీ మీద ఎంత కోపమైనా పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ కోపం రిఫరీ దగ్గరికి చేరలేదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్న పన్నెండేళ్ల పిల్లాడి దగ్గరికి చేరింది.

"నువ్వొచ్చావు, మ్యాచ్ పోయింది."

ఈ మాట మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. నేను దాటలేను. కోపంలో అన్నమాటేగా, పన్నెండేళ్లవాడు, వాడికి ఆమాత్రం తెలియదా అని మీకు అనిపించవచ్చు. మామూలుగా అయితే తెలుస్తుంది. కానీ మీ ఇంట్లో వాడు చూసిందేమిటి? ఒక పాత టీషర్ట్ వేసుకుంటే జట్టు గెలుస్తుందని నాన్న పదేళ్లుగా నమ్ముతున్నాడు. అది ఉతికి ఆరలేదంటే ఆ రోజు ఇల్లంతా హడావిడే అయి ఉంటుంది. ఒక టీషర్ట్ మ్యాచ్ గెలిపించగలిగినప్పుడు, ఒక పిల్లాడు మ్యాచ్ పోగొట్టలేడా? వాడికి ఆ లెక్క మీరు నేర్పించిందే. అందుకే వాడు ఆ మాట నమ్మాడు. "ఏ మ్యాచ్‌కీ రాను" అనడం అలగడం కాదండీ. తను రాకపోతే నాన్న జట్టు గెలుస్తుంది, నాన్న మళ్లీ మాట్లాడతాడు అనుకుంటున్నాడు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇలాంటి లెక్కలు వేసుకునేవాళ్లను చాలామందిని చూశాను. పెద్దవాళ్ల ముఖం మాడిపోతే కారణం తామే అనుకుంటారు. ఇక్కడ వాడు ఊహించుకోవాల్సిన పని కూడా లేకుండా మీరే నోటితో చెప్పేశారు.

ఇంకొకటి కూడా ఉంది. వాడి ఏడుపు మీకు ఎందుకంత భరించలేనిదైంది? మీరు ఏడవలేకపోయారు కాబట్టి. 1999 మే 26న బార్సిలోనాలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్‌ల పోటీ) ఫైనల్ మీకు నాకన్నా బాగా గుర్తుండి ఉంటుంది. ఆరో నిమిషం నుంచి తొంభైయో నిమిషం దాకా జర్మనీ క్లబ్ బేయర్న్ మ్యూనిక్ 1-0తో ముందుంది. ఇంజురీ టైమ్‌లో ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌కి షెరింగామ్ ఒకటి, సోల్‌షార్ ఒకటి కొట్టారు, రెండూ కార్నర్ల నుంచే. అచ్చం మీ మ్యాచ్. ఆ రోజు బేయర్న్ డిఫెండర్ శామ్యూల్ కుఫూర్ గ్రౌండ్ మీద పడి, చేత్తో నేలను బాదుతూ ఏడ్చాడు. కూలబడిపోయిన ఆటగాళ్లను రిఫరీ కొలీనా వెళ్లి లేపాల్సి వచ్చింది. అంత బలమైన మనిషి ప్రపంచమంతా చూస్తుండగా ఏడ్చాడు కానీ అందుకు ఎవరూ అతన్ని తక్కువగా చూడలేదు. మీ బాబు చేసిందీ అదే. మీరిద్దరూ ఒకే మ్యాచ్ చూసి ఒకేలా బాధపడ్డారు. ఆ బస్సులో మీ బాధ అర్థమయ్యే మనిషి వాడే. వాడినే మీరు దూరం నెట్టారు.

మూడు రోజుల మౌనం గురించి కూడా చెప్పాలి. "నేనెవర్నీ ఏమీ అనలేదు, నా మానాన నేనున్నాను" అని మౌనంగా ఉండేవాళ్లు అనుకుంటారు. మా నాన్నగారికి కూడా ఆ అలవాటు ఉండేది, ఆయనకు కారణాలు వేరే. సాయంత్రం తలుపు తాళంలో తాళంచెవి తిరిగే చప్పుడును బట్టి ఆ రోజు ఆయన ఎలా ఉన్నారో నేనూ అన్నయ్యా పసిగట్టేవాళ్లం. మెల్లగా తిరిగితే పర్వాలేదు. ఒక్కసారిగా గట్టిగా తిరిగితే పుస్తకాలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయేవాళ్లం. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మీ బాబు ఈ మూడు రోజుల్లో ఏ చప్పుడు నేర్చుకున్నాడో నాకు తెలియదు. ఇంకా మూడు రోజులే అయ్యాయి, ఇది మరిచిపోయే వయసే, అందుకే త్వరపడమంటున్నాను.

రిమోట్ దగ్గర మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. "ఆటేగా" అన్న మాట మీకు ముల్లులా గుచ్చుకుని ఉంటుంది, ఒప్పుకుంటాను. బాధలో ఉన్నవాడికి ఆ మాట ఓదార్పు కాదు. మీ ఆవిడ ఇది చదువుతుంటే ఆమెకూ అదే చెప్తాను. కానీ ఆమె మీ ముఖం చూడలేక అన్న మాట అది. లాంకాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు 2002, 2006, 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌ల సమయంలో ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలోని ఒక పోలీసు విభాగానికి వచ్చిన గృహహింస ఫిర్యాదులు లెక్కపెట్టారు. ఇంగ్లండ్ ఓడిన రోజుల్లో అవి 38 శాతం పెరిగాయి. గెలిచినా, డ్రా అయినా కూడా 26 శాతం పెరిగాయి. మీరు ఆమె మీద చెయ్యి చేసుకోలేదు, నిజమే. కానీ వస్తువు గోడకు తగిలి పగిలినప్పుడు పక్కనున్న మనిషికి వచ్చే భయానికి, తనకు తగలలేదన్న విషయంతో పెద్ద సంబంధం ఉండదు. ఆమెకు క్షమాపణ చెప్పండి, ఆటను అడ్డం పెట్టుకోకుండా. ఇలాంటిది ఇంతకు ముందు కూడా జరిగి ఉంటే, లేదా మళ్లీ జరిగితే, నాకు ఉత్తరం రాయడంతో సరిపెట్టకండి. మీకు దగ్గర్లో ఉన్న కౌన్సెలర్‌ని నేరుగా కలవండి.

ఛాతీలో బరువు ఉందన్నారు కాబట్టి ఇంకోటి. 2006 ప్రపంచ కప్‌లో జర్మనీ ఆడిన రోజుల్లో మ్యూనిక్ ప్రాంతంలో అత్యవసర గుండె సమస్యలు మామూలు రోజుల కన్నా రెండున్నర రెట్లకు పైగా నమోదయ్యాయి. మీకు నలభై దాటాయి. టెన్షన్ వల్లే అని మీకు మీరే తేల్చుకోకుండా ఈ రోజే డాక్టర్‌కి చూపించుకోండి. బరువు నొప్పిగా మారినా, ఆయాసం వచ్చినా, చెమటలు పట్టినా ఇక ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. నిద్ర విషయానికొస్తే, ఆ కార్నర్ కళ్లు మూస్తేనే కనిపిస్తోందా, కళ్లు తెరిచి ఫోన్‌లో కూడా చూస్తున్నారా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. ఎన్నిసార్లు చూసినా డిఫెండర్ ఆ బంతిని క్లియర్ చేయడు. రాత్రి ఫోన్ పక్క గదిలో పెట్టి పడుకోండి.

ఇప్పుడు బాబుతో ఏం చేయాలి. భోజనాల దగ్గర, అందరి ముందు వద్దు. వాడు ఒక్కడే ఉన్నప్పుడు వెళ్లి పక్కన కూర్చోండి, ఎదురుగా కాదు. మీరన్న మాటను మళ్లీ అదే మాటగా పలకండి. "బస్సులో నేను 'నువ్వొచ్చావు, మ్యాచ్ పోయింది' అన్నాను. అది నిజం కాదు. నువ్వు వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉండింది. ఓడిపోయిన బాధలో నోరు జారాను, తప్పు నాదే." ఇంతే. "నువ్వు అలా ఏడుస్తుంటే నాకు కోపమొచ్చింది మరి" అని తోక తగిలించకండి. అలా అన్నారంటే చెప్పిన క్షమాపణ అక్కడితో పోయింది. కొత్త జెర్సీ కొనివ్వకండి. అదే ఊపులో వచ్చే మ్యాచ్‌కి వస్తావా అని అడగకండి. అడిగితే మీ అసలు అవసరం టికెట్ అనుకుంటాడు. వాడు "సరేలే" అని ముఖం తిప్పుకోవచ్చు. తిప్పుకోనివ్వండి. ఓ పది నిమిషాలు అక్కడే కూర్చుని, తర్వాత వేరే పని చూసుకోండి.

ఆ టీషర్ట్ పారేయమని నేను చెప్పను, పదేళ్ల బంధం అది. కాకపోతే ఓ రోజు వాడి ముందే ఒప్పుకోండి, ఈ టీషర్ట్ వేసుకున్న రోజుల్లో కూడా మనం బోలెడు మ్యాచ్‌లు ఓడిపోయామని. లెక్క మీకు తెలుసు కదా, అంకెలతో సహా చెప్పండి. వాడు వేసుకున్న లెక్క చెరిగిపోవాలంటే మీ లెక్క ముందు చెరగాలి.

తర్వాతి అవే మ్యాచ్‌కి ఒక్కరే వెళ్లండి. వెళ్లే ముందే ఇంట్లో చెప్పండి, ఓడిపోతే నాకు ఒక సాయంత్రం కావాలి, మర్నాటి నుంచి మామూలుగా ఉంటాను అని. ఒక సాయంత్రం అడిగితే ఏ ఇల్లూ కాదనదు. గడువు తెలియని మౌనాన్నే ఇంట్లోవాళ్లు మోయలేరు.

చివరగా ఒక సంగతి. మీ ఉత్తరంలో 92వ నిమిషం ఉంది, 95వ నిమిషం ఉంది, కార్నర్ ఉంది, బోర్డు ఉంది. మీ జట్టు కొట్టిన గోల్ మాత్రం లేదు. 1-0తో ముందున్నామని రాశారు కానీ ఆ ఒకటి ఎన్నో నిమిషంలో పడిందో, ఎవరు కొట్టారో రాయలేదు. అది మీ బాబు తన జీవితంలో మొట్టమొదటిసారి బయటి గ్రౌండ్‌లో, మీ పక్కన నిలబడి చూసిన గోల్. అప్పుడు వాడు మీ చెయ్యి పట్టుకున్నాడా, మీ భుజం మీదికి ఎగిరాడా? మీకు గుర్తు రాకపోతే వాడిని అడగండి. వాడికి గుర్తుంటుంది.