సగం కట్టిన కిట్ కారు నిజంగా చవకేనా?

ప్రశ్న: కిట్ స్పోర్ట్స్ కారు, అంటే కంపెనీ పంపే విడిభాగాలతో మనమే బిగించుకునే కారు, సొంతంగా కట్టుకోవాలని డబ్బు దాచుకున్నాను. ఈలోగా ఒకరు సగంలో వదిలేసిన కారు, కొత్త కిట్‌కయ్యే మొత్తం ఖర్చులో సగం కన్నా తక్కువకే వస్తోంది. 'డెబ్బై శాతం పని అయిపోయింది' అంటున్నారు. ఏది లాభం?

జవాబు: ఆ డెబ్బై శాతం మాట ముందు పక్కన పెట్టండి. ఛాసిస్‌కి సస్పెన్షన్, ఇంజిన్ బిగించేసరికే కారు రూపం వచ్చేస్తుంది. వైరింగ్, బ్రేకు పైపులు, ఫైబర్‌గ్లాస్ బాడీ సరిగ్గా కూర్చోబెట్టడం, రంగు, సీట్లు అప్పటికింకా మిగిలే ఉంటాయి. టైమూ డబ్బూ తినేవి అవే.

కొత్త కిట్‌తో కారు రోడ్డెక్కడానికయ్యే ఖర్చు 100 అనుకోండి. మీకు చెప్పిన ధర 45. లేని సామాను 25, మార్చాల్సింది 10, రంగూ సీట్లూ 12, తనిఖీ, రిజిస్ట్రేషన్ 3. ఇప్పటికే 95. ఇంకా పెట్టాల్సిన 50 మీద అనుకోని ఖర్చులకు 15 శాతం కలిపితే 102 దాటింది. అదే కారు 30కి దొరికితే 88 లోపే తేలుతుంది. ఈ అంకెలు ఉదాహరణకే. మీ జాబితాతో మీరే వేసుకోండి.

'మార్చాల్సింది' అన్న పద్దును చాలామంది సున్నా అనుకుంటారు. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చూడండి: 2314 ఉంటే 2014లో 23వ వారం సరుకు, తిరగకపోయినా ముసలిదే. బ్రేకు ఫ్లూయిడ్ తేమ పీల్చుకుంటుంది, బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిస్టన్లు తుప్పుపడతాయి. స్టీరింగ్, సస్పెన్షన్, బ్రేకు బోల్టులు ఎవరెంత టార్క్‌తో (తిప్పే బలంతో) బిగించారో తెలియదు కాబట్టి అన్నీ విప్పి, కొత్త నైలాక్ నట్లతో (లోపల నైలాన్ రింగు ఉండి వదులుకాని నట్లు) మళ్లీ బిగించాలి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి ఉంటే లూమ్, అంటే కారు వైర్ల కట్ట, మొత్తం మార్చడమే నయం.

అన్నిటికన్నా ముఖ్యం కాగితాలు. కిట్ కంపెనీ ఇన్వాయిస్, దానితో సరిపోలే ఛాసిస్ నంబరు, ఇంజిన్ రసీదు, భాగాలు తీసిన పాత కారు పత్రాలు ఉండాలి. ఇవి లేకపోతే రిజిస్ట్రేషన్ ఆగిపోవచ్చు, అప్పుడది విడిభాగాల ధరే చేస్తుంది. కంపెనీ మూతపడి ఉంటే దాని అద్దమో బాడీ ప్యానెలో మళ్లీ దొరకడం కష్టం.

కొత్త కిట్‌కి ఉన్న అసలు సౌలభ్యం, విడతలుగా కొనుక్కోగలగడం. కానీ ఇంజిన్ ముందే కొనకండి. పెట్టెలో ఉండగానే వారంటీ అయిపోవచ్చు. కిట్ అంటేనే చవక అన్న పేరు లోటస్ సెవెన్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు నాటిది: బ్రిటన్‌లో విడిభాగాలుగా కొంటే కొనుగోలు పన్ను తప్పేది. 1973లో ఆ పన్ను పోయింది, పేరు మాత్రం మిగిలింది. అలాగే, అమ్మితే పెట్టిందంతా తిరిగొస్తుందని లెక్కలో రాసుకోవద్దు.

రెండింటిలో దేనికీ అప్పు చేయకండి. రిజిస్టర్ కాని కారును తాకట్టుగా తీసుకునే బ్యాంకు దొరకడం కష్టం. వ్యక్తిగత రుణం తీసుకుంటే కారు కదలకముందే వడ్డీ నడుస్తుంది. ఆరు నెలల ఇంటి ఖర్చుల నిధినీ ముట్టుకోవద్దు.

కాగితాలన్నీ ఉండి, ధర 30 దగ్గరికి దిగితే సగం కారు తీసుకోండి. బయానా ఇచ్చేముందు ఛాసిస్ నంబరుతో కిట్ కంపెనీకి ఫోన్ చేసి, ఆ కిట్‌లో ఏమేం పంపారో జాబితా అడగండి. అమ్మేవాళ్లు నంబరు ఇవ్వడానికి నసిగితే కొత్త కిట్‌కే వెళ్లండి.