టెక్ సందేహాలు: మ్యాప్ అక్కర్లేని ఆటలు

సార్, హనుమకొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా రూమ్‌లో అందరం ఓపెన్ వరల్డ్ గేమ్సే ఆడతాం. మ్యాప్ నిండా గుర్తులు, సైడ్ మిషన్లు. సెమిస్టర్ మొదట్లో పెట్టిన గేమ్ పరీక్షలొచ్చినా పూర్తి కాదు. మళ్లీ తెరిస్తే కథ ఎక్కడ ఆపానో గుర్తుండదు. సూటిగా సాగి, రెండు మూడు రోజుల్లో అయిపోయే యాక్షన్ గేమ్స్ చెప్పండి. అందరికీ తెలిసినవి వద్దు. ల్యాప్‌టాప్‌లో జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉంది, ర్యామ్ 8 జీబీ.

మీరు అడిగిన రకాన్ని లీనియర్ గేమ్స్ అంటారు. ఒక చోట మొదలై, ఒకే దారిలో నడిపించి, ఒక చోట ముగుస్తాయి. "స్వేచ్ఛ లేదు" అని వీటిని తీసిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గుకథ వింటూ కూర్చున్నవాళ్లు కథను ఎటు తిప్పాలో తాము చెప్పరు. అయినా తెల్లవారేదాకా కదలరు. ఆటగాడు ఏ గదిలోకి ఎటునుంచి వస్తాడో, అప్పటికి చేతిలో ఏ తుపాకీ ఉంటుందో తయారు చేసినవాళ్లకు ముందే తెలిస్తే, ఆ గదిని దానికి తగ్గట్టు మలచగలరు. శత్రువు ఎక్కడ నక్కాలి, పాట ఎప్పుడు అందుకోవాలి, గోడ ఏ క్షణంలో కూలాలి అన్నీ లెక్కతో జరుగుతాయి. వంద కిలోమీటర్ల మ్యాప్‌లో ఇంత పట్టు దొరకదు.

మీకు ఇంకో వీలు కూడా ఉంది. ఈ రకంలో మంచివి చాలా 2010 నుంచి 2013 మధ్య వచ్చాయి. మరీ భారీ ఖర్చుతో కాకుండా, మరీ చిన్నగా కాకుండా మధ్యరకం బడ్జెట్‌తో తీసినవి. సరిగ్గా అమ్ముడుపోక మరుగున పడ్డాయి. మీ 1650కి అవి బరువే కాదు.

మొదట వ్యాంక్విష్ ఆడండి. జపాన్‌కు చెందిన ప్లాటినం గేమ్స్ చేసింది, సెగా 2010లో విడుదల చేసింది. పీసీకి 2017లో వచ్చింది. దర్శకుడు షింజి మికామి, రెసిడెంట్ ఈవిల్ అనే భయానక ఆటల్లో మొదటి భాగాన్నీ, నాలుగో భాగాన్నీ తీసినవాడు. అంతరిక్షంలో తేలే ఒక కాలనీ, దాన్ని ఆక్రమించిన రోబోల సైన్యం, ప్రత్యేకమైన సూటు వేసుకున్న హీరో. కథ ఇంతే, కథ కోసం దీన్ని ఆడనక్కర్లేదు. ఆ సూటు కోసం ఆడాలి. మోకాళ్ల మీద జారుతూ మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి దూసుకుపోవచ్చు, జారుతూనే కాలాన్ని నెమ్మదింపజేసి గురి పెట్టొచ్చు. ఎక్కువ వాడితే సూటు వేడెక్కి కాసేపు మొరాయిస్తుంది. మిగతా షూటర్లలో, అంటే తుపాకీ పోరు ఆటల్లో, గోడ చాటున దాక్కోవడం అలవాటైన చేతులకు మొదటి గంట తికమకగా ఉంటుంది. దాక్కోవడం మానేసి జారడం మొదలుపెట్టిన క్షణం నుంచి ఇంకో ఆట అవుతుంది. ఆరేడు గంటల్లో అయిపోతుంది. అయ్యాక కష్టం స్థాయి పెంచి మళ్లీ మొదలుపెట్టాలనిపిస్తుంది. ఈ జవాబు మొత్తంలో ఒక్క ఆటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి.

తర్వాత బైనరీ డొమైన్. ఇదీ సెగాదే, 2012. జపాన్ మాఫియా కథలతో యాకుజా ఆటలు తీసే బృందం చేసిన షూటర్. 2080 నాటి టోక్యోలో రోబోలతో పోరు. బుల్లెట్ తగిలిన చోటల్లా రోబో ముక్కలుగా ఊడిపోతుంది. కాళ్లు పోతే పాకుతూ మీదికొస్తుంది, తల పోతే పక్కనున్న రోబోలనే కాల్చడం మొదలుపెడుతుంది. అందుకే ఎక్కడ కాల్చాలన్న ఆలోచన ప్రతి పోరులోనూ ఉంటుంది. మనిషికీ యంత్రానికీ తేడా ఏమిటన్న ప్రశ్న చుట్టూ అల్లిన కథ నేను అనుకున్నదానికంటే బలంగా ఉంది. జట్టులోని వాళ్లతో మీరు ఎలా మెలిగితే వాళ్ల నమ్మకం అలా పెరుగుతుంది, తగ్గుతుంది. రెండు జాగ్రత్తలు. మైకులో మాట్లాడి ఆజ్ఞలిచ్చే సదుపాయం ఉంది, దాన్ని ఆపేసి బటన్లతో ఇవ్వండి. పీసీలో మౌస్ కంటే కంట్రోలర్‌తోనే హాయిగా ఉంటుంది.

ఎన్‌స్లేవ్డ్: ఒడిస్సీ టు ది వెస్ట్ మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. బ్రిటన్‌కు చెందిన నింజా థియరీ 2010లో చేసింది, పీసీకి 2013లో వచ్చింది. దీనికి మూలం 16వ శతాబ్దపు చైనా నవల. ఆ నవలకు మూలం 7వ శతాబ్దంలో బౌద్ధ గ్రంథాల కోసం మన దేశానికి వచ్చిన హ్యుయాన్‌త్సాంగ్ ప్రయాణం. మన ధాన్యకటకం కూడా చూసి వెళ్లిన యాత్రికుడే. ఆటలో ఆ యాత్ర పాడుబడ్డ అమెరికా మీదుగా సాగుతుంది. మంకీ అనే బలశాలి, అతని తలకు కట్టు బిగించి తనను ఇంటికి చేర్చమనే ట్రిప్ అనే అమ్మాయి. ఆమె చనిపోతే అతనూ చనిపోతాడు. పోరాటం మామూలుగానే ఉంటుంది. ఇద్దరి మధ్య మాటలూ ముఖాల్లో భావాలూ మాత్రం ఈనాటి ఆటలకూ తీసిపోవు.

రిమెంబర్ మీ కూడా చూడండి. ఫ్రాన్స్‌కు చెందిన డోంట్‌నాడ్ మొదటి ఆట, 2013. ఇతరుల జ్ఞాపకంలోకి దూరి, దాన్ని ముందుకూ వెనక్కీ తిప్పి, చిన్న వస్తువులు మార్చి, జరిగిందే వేరుగా గుర్తుండేలా చేసే ఘట్టాలు ఇందులో ఉన్నాయి. అవి కొన్నే ఉండటం నాకు బాధ. మిగతాదంతా చేతిపోరు.

టైటాన్‌ఫాల్ 2 అనే షూటర్‌ను తెలియని ఆట అనలేం, కానీ దానిలో ఒంటరిగా ఆడే కథాభాగాన్ని వదిలేసినవాళ్లు ఎక్కువ. 2016 అక్టోబర్ 28న వచ్చింది. వారం ముందు బ్యాటిల్‌ఫీల్డ్ 1, వారం తర్వాత కాల్ ఆఫ్ డ్యూటీ. ఆ రెండు పెద్ద షూటర్ల మధ్య నలిగిపోయింది. మణికట్టుకు కట్టుకున్న పరికరంతో రెండు కాలాల మధ్య గెంతే ఒక స్థాయి ఉంది. ఆ ఒక్కదాని కోసమైనా ఆడాలి.

స్పెక్ ఆప్స్: ది లైన్ గురించి ఎవరైనా చెబితే ఒక మాట. ఇసుకలో కూరుకుపోయిన దుబాయ్‌లో జరిగే ఆట, గొప్పది. లైసెన్సుల గడువు ముగియడంతో 2024 జనవరిలో, పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ అమ్మకాల నుంచి తీసేశారు. ఇప్పుడు ఎక్కడో తక్కువ ధరకు కీ (ఆటను తెరిచే కోడ్) ఇస్తామనే సైట్లకు డబ్బు కట్టకండి.

కొనేటప్పుడు తొందరపడొద్దు. స్టీమ్‌లో విష్‌లిస్ట్‌లో పెట్టి ఉంచండి, ధర తగ్గినప్పుడు మెయిల్ వస్తుంది. జూన్ చివరా డిసెంబర్ చివరా పెద్ద అమ్మకాలు ఉంటాయి, ఇలాంటి పాత ఆటల ధర అప్పుడు బాగా దిగుతుంది. నచ్చకపోతే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలకు మించకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆరు గంటల ఆటలో రెండు గంటలంటే మూడో వంతు, కాబట్టి మొదటి గంటలోనే తేల్చుకోండి.

కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు: ఇలాంటివి మన దేశంలో ఎవరూ చేయడం లేదా?

చేశారు. పుణేలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో రాజీ: యాన్ ఏన్షెంట్ ఎపిక్ తెచ్చింది. రాక్షసులు ఎత్తుకెళ్లిన తమ్ముడి కోసం బయలుదేరిన అక్క కథ. దుర్గాదేవి, విష్ణుమూర్తి పైనుంచి చూస్తూ కథ చెబుతుంటారు. రాజస్థాన్ కోటలను తలపించే కట్టడాలు చూస్తుంటే అడుగు ముందుకు పడదు. పోరాటం కొంతసేపటికి ఒకేలా అనిపిస్తుంది, కెమెరాను మనం తిప్పలేం. ఆ లోపాలతోనే కొనమంటాను. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో అసుర తీసుకొచ్చింది. అది లీనియర్ కాదు, ఆడిన ప్రతిసారీ మారుతుంది. అయినా మన దగ్గర పుట్టిన ఆటగా చూడదగ్గది.

పరకాల నుంచి ఒక అమ్మ: మా చిన్నోడు ఎనిమిదో తరగతి సార్. ఎంత చెప్పినా ఫోన్ కింద పెడ్తలేడు. ఆపమంటే "మధ్యల ఆపరాదమ్మా" అంటడు. నిజమేనా?

ఒక రకంగా నిజమే. పదిమంది ఆన్‌లైన్‌లో కలిసి ఆడే ఆటను మధ్యలో ఆపలేరు, వదిలేస్తే జట్టు నష్టపోతుంది. పైగా ఆ ఆటలకు ముగింపు ఉండదు, రోజూ రప్పించడానికి కొత్త బహుమతులు పెడుతూనే ఉంటారు. ఆట మానమనే ముందు ఆట రకం మార్చి చూడండి. ఆడ్‌మర్ అనే ఆట ఉంది. 24 స్థాయిలు, ఒక్కొక్కటి కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, ఎక్కడైనా ఆపొచ్చు. మొదట్లో కొన్ని స్థాయిలు ఉచితం, తర్వాత ఒక్కసారి డబ్బు కడితే చాలు. "ఈ లెవల్ అయ్యాక ఫోన్ ఇవ్వు" అంటే పిల్లవాడికీ న్యాయంగా ఉంటుంది. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి. పైన నేను చెప్పిన షూటర్లు మాత్రం మీ అబ్బాయికి కాదు. అవి పెద్దవాళ్లవి.

మంచిర్యాల నుంచి: పాత గేమ్ తెరిస్తే డీ3డీఎక్స్9_43 డీఎల్ఎల్ లేదని వస్తోంది. విండోస్‌లో డైరెక్ట్ఎక్స్ 12 ఉంది కదా?

ఉంది. డైరెక్ట్ఎక్స్ అంటే విండోస్‌లో ఆటల బొమ్మనూ శబ్దాన్నీ నడిపించే భాగం. కానీ పాత ఆటలు వాడుకున్న సహాయక ఫైళ్లు అందులో కలపలేదు. ఆ ఒక్క ఫైలును ఇస్తామనే సైట్ల జోలికి వెళ్లకండి, వైరస్ వచ్చేది అక్కడే. మైక్రోసాఫ్ట్ సైట్‌లో డైరెక్ట్ఎక్స్ జూన్ 2010 రన్‌టైమ్ ఉచితంగా దొరుకుతుంది, అది ఇన్‌స్టాల్ చేయండి. స్టీమ్ ఆటైతే ఆట ఫోల్డర్‌లో కామన్‌రీడిస్ట్ అనే ఫోల్డర్ ఉంటుంది, చాలాసార్లు ఇన్‌స్టాలర్ అందులోనే ఉంటుంది.

రామగుండం నుంచి: ఎండాకాలంలో అరగంట ఆడితే ల్యాప్‌టాప్ కాలిపోతుందా అన్నట్టు వేడెక్కి, గేమ్ ఆగి ఆగి నడుస్తోంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్నా లాభం లేదు.

వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఆగి ఆగి నడవడం అందుకే. మీ ఊరి మే నెలలో గదిలోని గాలే వేడిగా ఉంటుంది కాబట్టి ఫ్యాన్ ఎంత తిరిగినా చల్లబరచలేదు. ముందుగా ఆట అసలు గ్రాఫిక్స్ కార్డు మీదే నడుస్తోందో లేదో చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి ఆ ఆటకు హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ఫ్రేమ్ రేటును (సెకనుకు చూపే బొమ్మల సంఖ్య) 60కి కట్టేయండి, దాటి పరిగెత్తించడం వల్ల వేడి తప్ప మీకు ఒరిగేదేమీ లేదు. పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ కనిపిస్తే 99 శాతానికి దించండి. ప్రాసెసర్ మామూలు వేగాన్ని మించి పరిగెత్తే టర్బో ఆగిపోతుంది, వేడి బాగా తగ్గుతుంది, పాత ఆటల్లో తేడా తెలియదు. మంచం మీద, దిండు మీద పెట్టి ఆడొద్దు. వెనుక భాగం కాస్త ఎత్తులో ఉండాలి. ఏడాదికి పైగా వాడుతుంటే లోపల దుమ్ము పేరుకుని ఉంటుంది. వారంటీలో ఉంటే సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి, లేకపోతే తెలిసిన మెకానిక్‌తో ఫ్యాన్ శుభ్రం చేయించి థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని బయటికి పంపడానికి పూసేది) మార్పించండి.