క్లోమ క్యాన్సర్ మీద పని మొదలుపెట్టిన పాపకు

తిరుపతి

పాపా,

క్లోమ క్యాన్సర్‌లో ఎపిజెనెటిక్స్ మీద పీహెచ్‌డీ తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావట.

కణాన్ని పెరగమని తొందరపెట్టే కేరాస్ జన్యువు దగ్గరే ఆగిపోవద్దమ్మా. ఈ క్యాన్సర్ వచ్చిన 100 మందిలో దాదాపు 90 మందికి అందులో మార్పు ఉంటుంది, నిజమే. కానీ ఒకే రోగిలో క్లోమంలోని గడ్డనూ, కాలేయానికి పాకిన గడ్డనూ పక్కపక్కన పెట్టి చూస్తే ముఖ్యమైన జన్యు మార్పులు చాలావరకు ఒకటే. మరి పాకే గుణం ఎక్కడిది? డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే ఏ జన్యువు పలకాలి, ఏది మూగబోవాలి అన్నది మారడం దీనికి ఒక పెద్ద కారణం. నువ్వు తీసుకున్న ఎపిజెనెటిక్స్ అంటే ఇదే.

నగరి మగ్గాల దగ్గర కండె చూశావు కదా. బిగించి చుట్టిన కండెలో కొస దొరకదు, వదులుగా ఉంటే దారం ఇట్టే వస్తుంది. హిస్టోన్లనే ప్రోటీన్ల మీద చుట్టుకున్న డీఎన్‌ఏ కూడా అంతే. హిస్టోన్లకు ఎసిటైల్ గుంపులనే చిన్న రసాయన గుర్తులు చేరితే చుట్టు వదులవుతుంది. జన్యువు మొదట్లో డీఎన్‌ఏ మీదే మిథైల్ గుంపులనే మరో రకం గుర్తులు పేరుకుంటే అది మూతపడుతుంది. కణ విభజనకు బ్రేక్ వేసే పీ16 జన్యువు కొన్ని గడ్డల్లో ఇలాగే పనిచేయకుండా పోతుంది.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది శాంపిల్ గురించి. ఏ జన్యువు పలుకుతోందో చెప్పేది ఆర్‌ఎన్‌ఏ. క్లోమం నిండా ఆ ఆర్‌ఎన్‌ఏను తినేసే ఎంజైములు ఉంటాయి. నా తొలి రోజుల్లో ఆపరేషన్ థియేటర్ బయట ముక్క తీసుకుని, ఒక సంతకం కోసం తిరిగేసరికి అరగంట అయింది. ఆర్‌ఎన్‌ఏ బాగుందో లేదో చూసే జెల్ మీద రెండు గీతలు స్పష్టంగా రావాల్సిన చోట కిందదాకా మసక మరక పాకింది. ఒక మనిషి కడుపు కోసి తీసిన ముక్క అది. ఇప్పటికీ బాధగానే ఉంది. నువ్వు ముక్కను వెంటనే గడ్డకట్టించడానికి ద్రవ నైట్రోజన్ పట్టుకుని వాకిట్లోనే నిలబడు, సంతకాలు ముందురోజే పెట్టించుకో.

ఇంకోటి. ఈ గడ్డలో చాలా భాగం క్యాన్సర్ కణాలు కావు, చుట్టూ పెరిగిన పీచు కణజాలం. ముక్క మొత్తాన్నీ నూరి మిథైలేషన్, అంటే మిథైల్ గుర్తులు ఎన్ని ఉన్నాయో, కొలిస్తే ఎవరి లెక్క ఎవరిదో తెలియదు. ముందు పాథాలజిస్టు చేత స్లైడ్ చూపించుకో. మిథైల్ లేని సి అక్షరాలను మార్చేసి, ఉన్నవాటిని అలాగే వదిలే బైసల్ఫైట్ పరీక్ష చేసేటప్పుడు మిథైల్ లేని డీఎన్‌ఏను ప్రతిసారీ పక్కన నడుపు. మార్పిడి సగంలో ఆగితే లేని మిథైల్ ఉన్నట్టు కనిపిస్తుంది.

ఈ గుర్తులు చెరపగలిగినవి కావడమే నాకు ఆశ. అజాసైటిడిన్ లాంటి మందులు కొన్ని రక్త వ్యాధుల్లో వాడుతున్నారు. క్లోమం దగ్గర ఆ పని ఇంకా మిగిలే ఉంది.

గంగమ్మ జాతరకు వస్తావు కదా, స్లైడ్ ఫొటోలు తీసుకురా. కలిసి కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న