దూరం పెరిగినా ప్రయాణం తగ్గుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటోంది. ఢిల్లీ నుంచి అక్కడికి 12,400 కిలోమీటర్లని మా మనవడు చెప్పాడు. కానీ ఎయిర్ ఇండియా విమానం ఒకసారి పసిఫిక్ మీదుగా 15,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వెళ్ళిందని చదివాను. ఎందుకంత చుట్టూ తిరగడం? పైగా తెల్లవారుజామున ఎక్కితే అదే రోజు ఉదయం దిగుతారట. ఇదెలా సాధ్యం?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ మనవడి లెక్క సరైనదే. గ్లోబు మీద ఆ రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి చూడమనండి. అది టిబెట్, సైబీరియా దాటి, ఆర్కిటిక్ సముద్రం మీదుగా అలాస్కా వైపు దిగుతుంది. అదే అతి దగ్గరి దారి. కానీ విమానంలో గాలి పీడనం పడిపోతే పైలట్ వెంటనే పది వేల అడుగుల ఎత్తుకు దిగాలి. టిబెట్‌లో చాలాచోట్ల నేలే అంతకంటే ఎత్తు! అందుకే ఆ వైపు సాధారణంగా వెళ్ళరు.

అసలు సంగతి గాలిది. నేను బేగంపేట విమానాశ్రయంలో వాతావరణ విభాగంలో పనిచేసిన రోజుల్లో పైలట్లు ముందుగా అడిగేది పై గాలుల చార్టే. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఉంటుంది. చలికాలంలో జపాన్ ప్రాంతంలో దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటడమూ కద్దు. ఆ గాలి వెనక నుంచి తోస్తే విమానానికి ఏరువాలున పడవ నడిచినట్టే.

ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఈ సర్వీసును అట్లాంటిక్ మీదుగా మొదలుపెట్టింది. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా పంపి చూసింది. దూరం దాదాపు 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారి కన్నా ఇంచుమించు రెండు గంటల ముందే! సగటు వేగం లెక్కకడితే గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. తిరుగు ప్రయాణంలో అదే దారి పడితే అదే గాలి ఎదురొస్తుంది కనుక ఎక్కువ సమయం పడుతుంది.

ఇక గడియారం సంగతి. వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక. వేసవిలో తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కి పదహారు గంటలు ప్రయాణించారనుకోండి. మనకు రాత్రి ఎనిమిది, అక్కడ అదే రోజు ఉదయం ఏడున్నర. పసిఫిక్ మీదుగా వెళ్తే మధ్యలో తేదీ మారే ఊహారేఖ అయిన అంతర్జాతీయ దినరేఖ దాటుతారు, తేదీ ఒక రోజు వెనక్కి పోతుంది.

టికెట్ కొనేటప్పుడు కిలోమీటర్లు చూడకండి, మొత్తం ప్రయాణ సమయం చూడండి. మధ్యలో ఎక్కడైనా ఆగుతుందా అని తప్పక అడగండి. గగనతల ఆంక్షలు, గాలులు మారితే దారులూ మారుతుంటాయి. మందులు చేతి సంచిలోనే పెట్టుకోండి. అంతసేపు కదలకుండా కూర్చోవద్దు, అప్పుడప్పుడు లేచి నాలుగడుగులు వేయండి.